అద్దాల అల్మారా

సీలింగు పలక జరిపి మెడదాకా పైకి దూరిన గ్లోరీకి కింద పూజ మొదలైన సంగతి ఊదుబత్తి వాసన వల్ల తెలిసింది. ఎలుక కొరికిన కేబులును వెతికి పట్టుకుంది. దాని పక్కనే కొత్తది లాగి, కొసను గోడ వెంట కిందికి వదిలింది. అప్పుడు తల బయటికి తీసి నిచ్చెన మీదే కూర్చుని జుట్టులో పడిన సున్నప్పొడి దులుపుకుంది. దవాఖానలో ఆ రోజు రోగులు తక్కువ. సద్దుల బతుకమ్మ వెళ్లిన మర్నాడు, ప్రాణం మీదికి వస్తే తప్ప, నల్లగొండలో ఎవరూ సూది వేయించుకోవడానికి రారు.

ఆ దవాఖానలో డాక్టర్లను సైతం గదమాయించగల మనిషి ఒక్కతే, ఆఫీసు చూసుకునే సుభద్రమ్మ. పొద్దుటి నుంచి ఆమె ఆయుధపూజలో ఉంది. ఎక్స్‌రే మిషను, అంబులెన్సు, జనరేటరు అయిపోయాయి. బీపీ చూసే యంత్రానికి కూడా బొట్టు పడింది. ఇప్పుడు గ్లోరీ నిచ్చెన పక్కనే ఉన్న మెట్ల కింది గదికి వచ్చి తాళం తీసింది. వెనకాల ఊడ్చే గుర్వమ్మ పూజ పళ్లెం పట్టుకుని నిలబడింది.

గది అంటే పేరుకే గది. మెట్ల కింది జాగాకు తలుపు పెట్టారంతే. లోపల ఒక ఇనుప ర్యాకు, అందులో స్విచ్చి. లైటు వేసే స్విచ్చి కాదు, దవాఖానలోని కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె. దాని ముఖం నిండా వరుసగా చిన్న చిన్న కంతలు. వైరు దోపిన ప్రతి కంత పక్కనా ఒక పచ్చలైటు. ఆ లైటు వెలిగితే గ్లోరీ పని అయినట్టు. మంచి చేశావా చెడు చేశావా అని ఇంకొకరిని అడగనక్కర్లేని పని అది. గ్లోరీకి దాంట్లో నచ్చిందీ అదే.

సుభద్రమ్మ పసుపును నీళ్లతో కలిపి మూడు వేళ్లతో స్విచ్చి ముఖానికి అడ్డంగా పూసింది. ధారాళమైన చేయి ఆమెది. పసుపు కంతల అంచుల మీదుగా లోపలికి జారింది. దాని మీద కుంకుమ. తర్వాత గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టి, చిప్పలోని నీళ్లలో మామిడాకు ముంచి, ర్యాకు మీద మూడుసార్లు చిలకరించింది.

"మేడమ్, గా నీళ్లు..." గ్లోరీ నోరు తెరిచింది.

"ఏంది?" సుభద్రమ్మ చేతిలో ఆకుతోనే వెనక్కి తిరిగింది.

గ్లోరీ మాట నాలుక కొసన ఆగిపోయింది. గ్లోరీ అనే పేరున్న మనిషి పసుపు వద్దంటే అది కరెంటు మాట కాదు, మతం మాట అయి కూర్చుంటుంది. పానగల్లులో వాళ్ల వాడ పిల్లలకు ఈ లెక్క ఎక్కాలకన్నా ముందే వస్తుంది.

"ఏం లేదు మేడమ్. గీ కొస దోపితే నా పని అయిపోతది" అంది.

సుభద్రమ్మ కొబ్బరి ముక్కలు పంచింది. గుర్వమ్మ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. గ్లోరీ దగ్గరికి వచ్చేసరికి సుభద్రమ్మ చేయి ఆగింది. "మీరు ప్రసాదం తినరు గద బిడ్డా" అని, ఆఫీసు బల్ల సొరుగులోంచి బిస్కెట్ల పొట్లం తెచ్చి ఇచ్చింది. ప్రేమగానే ఇచ్చింది. గ్లోరీ తీసుకుంది.

బయట స్కూటీ దగ్గర ఉండగా ఫోను మోగింది. ఊరవతలి పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ దశరథ్ సార్. నెట్‌వర్కింగ్ చెప్పే లెక్చరర్ నడిమధ్యన మానేశాడట. సెలవులు కాగానే వచ్చి ఒక క్లాసు చెప్పి చూపమన్నాడు. "నచ్చితే ఆ వారంలనే, గురువారం లోపల అవునో కాదో చెప్పాలమ్మా. ఇన్‌స్పెక్షన్ ఉన్నది. ఆలోపల మనిషి ఉండాలె."

*

తల్లి బిక్షమ్మ దసరా పండుగను పట్టించుకోలేదు కానీ ఈ ఫోను కబురుకు మాత్రం పండుగ చేసుకుంది. ఇటుకలు మోసి మోసి ఆమె ఎడమకాలు ఈడుస్తుంది. కూతురు నిచ్చెన ఎక్కుతుందన్న మాట వింటేనే ఆ కాలు సలుపుతుందని ఆమె అంటుంది.

"మొగపోరల లెక్క నిచ్చెన ఎక్కుడేందే? టీచరమ్మవైతే నీడపట్టున ఉంటవు. ఎవ్వలన్న ఎదురొస్తే నమస్తే మేడమ్ అంటరు."

"ఇప్పుడు కూడ అంటరమ్మా, నెట్ పోయినప్పుడు."

"నెట్ వచ్చినంక అంటరా?"

గ్లోరీ స్కూటీ బయటికి తీసింది.

గడియారం సెంటర్ దగ్గర ఆమె పనిచేసే దుకాణం వెంకటనర్సుది. కేబుళ్లు, కెమెరాలు బిగించే పని. డిప్లొమా కాగితం పట్టుకుని వచ్చిన గ్లోరీకి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పింది అతనే. దవాఖాన పని అతనికి సుభద్రమ్మ వల్ల వచ్చింది. ఆమె అతనికి వరసకు అక్క. కాలేజీ సంగతి విని అతను కేబులు చుట్టుతూనే అన్నాడు: "పో, చూసి రా. చూస్తే పోయేదేమున్నది? గని చెప్పెటోనికి ఇనెటోడు ఎప్పుడూ లోకువనే. నువ్వు గట్ల కాకు."

*

క్లాసులో ఆడపిల్లలే ఎక్కువ. దశరథ్ సార్ వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గ్లోరీ బోర్డు వైపు పోకుండా అడిగింది: "కేబుల్లో ఎనిమిది తీగలు ఉంటాయి. వాటి వరస ఎవరికి తెలుసు?"

క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో అందుకుంది. "వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్!" ఒక్క అక్షరం తడబడలేదు.

"మంచిగ చెప్పిండ్రు. కేబుల్ ఎవరైనా కోసిండ్రా?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోయడం అటుంచి, తొక్క లేని కేబులును దగ్గరగా చూసినవాళ్లు కూడా లేరు.

గది మూలన అద్దాల అల్మారా ఉంది. లోపల స్విచ్చిలు, రూటర్లు అందంగా సర్ది ఉన్నాయి. అల్మారాకు తాళం. అద్దం మీద ఏటేటా దసరాకు పెట్టిన బొట్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైవి నల్లబడ్డాయి, అడుగుది మాత్రం ఎర్రగా తాజాగా ఉంది.

గ్లోరీ తన సంచీ తీసి బల్ల మీద బోర్లించింది. కేబులు ముక్కలు, కొసలకు తొడిగే కనెక్టర్లు, వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ టూలు. "ఎవరు వస్తరు?"

రెండో బెంచీలోంచి సింధూజ అనే పిల్ల లేచింది. చండూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. ఇంట్లో మగ్గాలున్నాయి. తీగలను విడదీసి వరస పేర్చడంలో ఆమె వేళ్లు తొందరపడలేదు. ఎనిమిదింటినీ బొటనవేలి కింద చదును చేసి, కనెక్టరులోకి దూర్చి, టూలులో పెట్టి టక్కున నొక్కింది. రంగులు ఒక్కటీ తప్పలేదు.

"ఇప్పుడు గుంజు" అంది గ్లోరీ.

సింధూజ గుంజింది. తీగలన్నీ చేతిలోకి ఊడి వచ్చాయి. క్లాసు గొల్లుమంది. సింధూజ కూడా నవ్వింది.

"రంగులు రైటే. తీగలు కొసదాక పోలే. పరీక్షల గిది రాసేస్తే మార్కులు పడ్తయి. గోడకు కొట్టినంక మాత్రం ఊడి వస్తది."

"మళ్లీ చేస్తా మేడమ్" అంది సింధూజ. అప్పుడే గంట కొట్టారు.

దశరథ్ సార్ గ్లోరీని తన గదికి తీసుకుపోయి టీ తెప్పించాడు. చెడ్డ మనిషి కాదు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకున్నాడు. "పిల్లలు నవ్వంగ నేను ఈ మధ్యన చూడలే. ఉద్యోగం నీదే అనుకో. గని అమ్మా, ఆ కత్తెరలు, టూల్స్ క్లాసుల వద్దు. ఎవరికన్న వేలు తెగితే తండ్రులు నా మీదికి వస్తరు. థియరీ చాలు, పరీక్షల అదే అడుగుతరు."

"అల్మారల ఉన్నయి గద సార్? అవి తీస్తే..."

"అమ్మో! అది ముట్టొద్దు. ఇన్‌స్పెక్షనోళ్లు చూసే సామాను అది. తెచ్చి నాలుగేండ్లాయె, ఒక్క గీత పడలే" అన్నాడు, సొంత బిడ్డల చదువు గురించి చెప్పుకున్నంత గర్వంగా.

గ్లోరీ టీ తాగి, గురువారం చెప్తానని లేచింది. స్కూటీ గేటు దాటకముందే మనసులో జవాబు ఖాయమైపోయింది. నాలుగేళ్లుగా ఒక్క పచ్చలైటు వెలగని గదిలో నిలబడి పచ్చలైటు గురించి చెప్పడం తన వల్ల కాదు.

ఆ రాత్రి పొయ్యి దగ్గర ఆ మాట చెప్పింది. బిక్షమ్మ జొన్నరొట్టెను పెనం మీద తిప్పి, తడిగుడ్డతో అద్ది, మళ్లీ తిప్పింది. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు.

"చర్చి సంఘంల అందరికి చెప్పిన గదనే" అంది. "ప్రార్థన గూడ చేయించిన."

గ్లోరీ సగం రొట్టె తుంచుకుని, మిగిలింది మళ్లీ గిన్నెలో పెట్టింది.

*

మర్నాడు పొద్దున దవాఖాన ఆగిపోయింది. ముందు చీటీలు రాసే కంప్యూటరు, తర్వాత బిల్లుల కంప్యూటరు, ఆపైన స్కానింగు గది. పండుగకు ఆపుకున్న రోగాలన్నీ ఆ వారమే వచ్చి పడ్డట్టు, వరస గేటు దాటి రోడ్డెక్కింది. పసిపిల్లను చంకనేసుకున్న ఒకామె కౌంటరులోకి తల దూర్చి, "చేతితోని రాయరాదా సారూ, పోరి కాలిపోతాంది" అని బతిమాలుతోంది. రాయడానికి చీటీ పుస్తకాలు ఎప్పుడో తీసేశారు.

గ్లోరీ కొత్త స్విచ్చి చంకన పెట్టుకుని వచ్చి మెట్ల కింది గదిలోకి వంగింది. ఫోను లైటు వేసి ఒక్కో కంతలోకి చూసింది. ఒక్కో కంతలో ఎనిమిది రాగి తీగలు మీసాల్లా వంగి ఉంటాయి, మెరుస్తుంటాయి. ఇప్పుడు వాటి మీద పచ్చటి చిలుము. అంచుల్లో ఎండిన పసుపు. వేడికి, తీపికి చేరిన ఎర్రచీమలు ఒక కంతలోంచి ఇంకో కంతలోకి దారి పెట్టుకున్నాయి.

వెంకటనర్సుకు ఫోను చేసి కంటితో చూసింది చూసినట్టు చెప్పింది.

"మార్చి రా. తేమ వచ్చిందని చెప్పు" అన్నాడు. "పూజ మాట ఎత్తకు. అక్క మనసు కష్టమైతది. అండ్ల నువ్వు ఎత్తితే..." అక్కడ ఆపేశాడు. ఆ తర్వాతి మాట ఇద్దరికీ తెలిసిందే.

పాత స్విచ్చి విప్పి, వైర్ల కొసలు కోసి, ప్రతి కొసకూ కొత్త కనెక్టరు బిగించింది. ఒక్కో వైరూ దోపుతుంటే ఒక్కో పచ్చలైటూ వెలిగింది. కౌంటరు దగ్గర ప్రింటరు గరగరలాడింది. పసిపిల్ల తల్లికి చీటీ అందింది. గ్లోరీ నడుము నిటారు చేసుకుంది. పని అయిపోయింది.

"ఏమైందట?" సుభద్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దుటి నుంచి డాక్టర్ల మాటలు పడీ పడీ ఆమె ముఖం కందిపోయింది.

"తేమ మేడమ్."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. గ్లోరీ మాట అంత దూరం పోలేదు. మెట్ల దాకా పోయి అక్కడ తడిగుడ్డ పిండుతున్న గుర్వమ్మ మీద పడింది.

"తేమనా! గుర్వమ్మా, మెట్ల కింద నీళ్లు కొట్టినవా?"

"నేను ఆడ తుడువనే లేదమ్మా. తాళం మీ కాడనే ఉంటది గద."

"తలుపు సందుల నుంచి పోవా నీళ్లు? బకెట్లకు బకెట్లు గుమ్మరిస్తవు. పొద్దుటి సంది నేను ఎంతమంది తోని మాటలు పడ్డనో నీకెరుకనా? ఎదురు మాట్లాడుతున్నవు పైంగ. రేపటి నుంచి రాకు, పో."

గుర్వమ్మ బకెట్టులోని నీళ్లు పారబోసి, గుడ్డ ఆరేసి, చీపురు మూలన నిలబెట్టింది. పనిలోకి రావద్దన్న రోజు కూడా సామాను దాని జాగాలో పెట్టి పోయే మనిషి.

గ్లోరీ పాత స్విచ్చిని సంచీలో వేసుకుని బయటికి వచ్చింది. గేటు పక్కన అరుగు మీద గుర్వమ్మ కూర్చుని, చీర మీద వేసుకునే నీలం కోటును మడత పెడుతోంది. గ్లోరీ స్కూటీ తాళం తిప్పి మళ్లీ ఆపేసింది.

"నువ్వు నీళ్లు కొట్టలేదని నాకెరుకే పెద్దమ్మా."

"నీకెరుకైతే ఏమొస్తది బిడ్డా? నాకూ ఎరుకనే. మనిద్దరికి ఎరుకైతే నౌకరి తిరిగొస్తదా?" గుర్వమ్మ కోటు మడత మీద అరచేతితో రాసింది. "గా కొబ్బరినీళ్లేనా?"

గ్లోరీ తల ఊపింది.

"అనుకున్న. నా కండ్ల ముందరనే చల్లిరి గద."

"మరి గా మాట అననే అనకపోతివి?"

"దేవుని మీదికి నెట్టుమంటవా?" గుర్వమ్మ చెంపలు వేసుకుంది. "నోరు ఎట్లొస్తది? నువ్వు అంటవేమో అనుకున్న. నీకేం అడ్డం?"

ఒకామెకు ఆ దేవుడు తనవాడు కాబట్టి నోరు రాలేదు, ఇంకొకామెకు తనవాడు కాదు కాబట్టి. గ్లోరీకి తన మీద తనకే అసహ్యం వేసింది. పండుగనాడు గోటితో పోయే మాట. ఆ ఒక్క మాట మింగినందుకు ఇప్పుడు గొడ్డలి వచ్చి, చేయని తప్పుకు ఈ ముసలామె నౌకరి మీద పడింది. పైగా ఆ గొడ్డలికి పిడి తన 'తేమ'.

"ఈన్నే కూసో పెద్దమ్మా. పోకు" అని సంచీ తీసుకుని లోపలికి నడిచింది.

*

ఆఫీసు గదిలో సుభద్రమ్మ అప్పుడే టిఫిన్ డబ్బా తెరిచింది. గ్లోరీ ఆమె బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద స్విచ్చి పెట్టింది.

"మేడమ్, జర చూడుండ్రి. తినేముందర చూపిస్తున్నందుకు ఏమనుకోకుండ్రి."

"మళ్లేమైంది?"

"ఏం కాలే. ఇది ఎట్ల పనిచేస్తదో చెప్తా."

గ్లోరీ స్క్రూలు విప్పి పైమూత తీసింది. కౌంటరులో పనిచేసే పిల్లలు ఇద్దరు గుమ్మం దగ్గరికి వచ్చి తొంగి చూశారు. గ్లోరీ సంచీలోంచి కొత్త కనెక్టరు తీసి సుభద్రమ్మ అరచేతిలో పెట్టింది. "గీ ఎనిమిది తీగలు చూడుండ్రి. కంత లోపల కూడ గిట్లనే ఎనిమిది ఉంటయి. ఇవి అవి ఒకదాన్నొకటి తాకితేనే మాట అవుతలికి పోతది. మీరు కౌంటర్ల పేరు కొడితే స్కానింగు గదికి గిండ్లకెళ్లే పోతది. నడుమ ఏదన్న అడ్డమొస్తే ఆడ్నే ఆగుతది."

సుభద్రమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. గ్లోరీ ఫోను లైటు కంతలోకి పట్టింది. "ఇప్పుడు గిది చూడుండ్రి."

సుభద్రమ్మ వంగి చూసింది. చిలుము చూసింది. ఒక చీమ బయటికి వచ్చి పేపరు మీద తిరుగుతుంటే చూసింది. ఆమె వేలు తనంత తానే కంత అంచు మీది ఎండిన పసుపు దగ్గరికి పోయింది. గీకి, గోటిలోకి వచ్చినదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గుర్వమ్మ నీళ్లయితే కిందికెళ్లి రావాలె" అంది గ్లోరీ. "ర్యాకు కాళ్లకు తుప్పు పట్టాలె. కాళ్లు మంచిగనే ఉన్నయి. ఇది ముందటికెళ్లి పడ్డది. నీళ్లొక్కటే అయితే చీమలు రావు మేడమ్."

కౌంటరు పిల్లలు మెల్లగా వెనక్కి తగ్గారు. సుభద్రమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు పండుగనాడు ఈన్నే ఉన్నవు. నిచ్చెన మీద."

"ఉన్న."

"చూసుకుంట ఊకున్నవు."

"ఊకున్న మేడమ్. నా పేరు గ్లోరీ. నేను పసుపు వద్దంటే మీరు ఏమనుకుంటరో అని ఊకున్న. తప్పు నాదే. పొద్దుగాల తేమ అని చెప్పిన, అది సుత సగమే చెప్పిన."

సుభద్రమ్మ చేతిలోని కనెక్టరును పేపరు మీద పెట్టింది. అయ్యో అట్లెందుకు అనుకుంటాను అంటుందని గుమ్మం బయట నిలబడ్డ పిల్లలు ఎదురుచూశారు.

"అనుకుందును" అంది సుభద్రమ్మ. "అబద్ధమెందుకు? అనుకునేదాన్నే."

టిఫిన్ డబ్బా మూత పెట్టేసి కౌంటరు పిల్లల వైపు తిరిగింది. "గుర్వమ్మ ఉన్నదా పోయిందా చూడుండ్రి. ఉంటే రమ్మనుండ్రి. మెట్ల కింద చీమల మందు కొట్టాలె." అంతకుమించి ఆమె నోటి నుంచి క్షమాపణ రాలేదు, రాదు కూడా. గుర్వమ్మ కోటు తొడుక్కుంటూ లోపలికి వచ్చినప్పుడు మాత్రం ఆమె ముఖం చూడలేక గోడ మీది క్యాలెండరు చూసింది.

గ్లోరీ స్విచ్చికి మూత బిగిస్తుంటే సుభద్రమ్మ గొంతు తగ్గించి అడిగింది: "మరి వచ్చే దసరకు బొట్టు యాడ పెట్టుమంటవు? పెట్టకుంట ఉండలేను."

గ్లోరీ ఆమెను మెట్ల కిందికి తీసుకుపోయి ర్యాకు ఇనుప తలుపు దగ్గరికి వేసింది. "గీ తలుపు మీద పెట్టుండ్రి మేడమ్. ఎంత పెద్దగనైన పెట్టుండ్రి. కొబ్బరికాయ గుమ్మం అవుతల కొట్టుండ్రి."

సుభద్రమ్మ తలుపు మీద చేయి పెట్టి జాగా చూసుకుంది.

*

దుకాణంలో వెంకటనర్సు ముఖం ముడుచుకుని ఉన్నాడు. గ్లోరీ సంచీ దించి తిట్లకు సిద్ధపడింది.

"అక్క ఫోన్ చేసింది" అన్నాడు.

"ఏమన్నది అన్నా?"

"నీ పిల్ల మంచిగ చెప్తది, ఏడేండ్ల పోరికి చెప్పినట్టు చెప్పింది అన్నది." అతను చుట్టిన కేబులును కొక్కేనికి తగిలించాడు. "నాకేం సంబురం లేదు. మంచిగ చెప్పెటోళ్లు నా కాడ నిలువరు."

"నేను పోతలేనన్నా. ఆ కాలేజీల సామానుకు తాళమేసి పెట్టిండ్రు. నోటి లెక్కలే చెప్పుమన్నరు."

వెంకటనర్సు నవ్వాడు. "మా నాయిన నన్ను మగ్గం గుంతల కాళ్లు పెట్టిచ్చి నేర్పిండు. గడప అవుతల నిలబెట్టి చూపిస్తే ఈ జన్మల రాకపోవు. తాళమేసిండ్రని నువ్వు తిరిగొస్తే, ఆ తాళం ఇంకెవలు తీస్తరు?"

గ్లోరీ సంచీ భుజాన వేసుకుంది. ఇంటికి పోతూ దారంతా లెక్క వేసుకుంది. ఆ రోజు స్విచ్చిని బాగుచేసింది తన చేతులు. గుర్వమ్మ నౌకరిని బాగుచేసింది మాత్రం నోరు. రెండో పనే కష్టమైంది, రెండో పనికే తను పండుగనాటి నుంచి తప్పించుకు తిరిగింది. చేతిపని మీద ఇష్టమని తను అనుకుంటున్నదాంట్లో సగం మాట్లాడాలంటే భయమేనేమో అనిపించి, స్కూటీ మీదే ఆమె చెవులు వేడెక్కాయి.

*

గురువారం దశరథ్ సార్ టీ ముందే తెప్పించి పెట్టాడు. గ్లోరీ తాగలేదు.

"వస్త సార్. గని చేరినంక చెప్పుడు కాదు, ముందుగాలనే చెప్తున్న. నేను వస్తే అల్మార తెరుస్త. పిల్లలు కేబుల్ కోస్తరు, స్విచ్చిలు విప్పుతరు. కొన్ని చెడిపోతయి సుత."

"చెడిపోతే ఎట్లమ్మా? ఇన్‌స్పెక్షన్‌ల..."

"చెడినై బాగుచేసుడే సార్ నేను చెప్పే పాఠం. వద్దంటే వద్దనుండ్రి, నేను నారాజు గాను."

దశరథ్ సార్ కిటికీ వైపు చూశాడు. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడింది. లెక్చరర్ లేని గదిలో అల్మారా ఎంత మెరిస్తే ఏం లాభం? గడ్డం గోక్కున్నాడు. అటెండర్ ఐలేశాన్ని పిలిచి, "అల్మార తాళంచెవి తే" అన్నాడు, పంటి నొప్పివాడు పన్ను పీకించుకోవడానికి ఒప్పుకున్నట్టుగా.

ఇద్దరూ అల్మారా ఉన్న గదికి నడిచారు. పిల్లలు అప్పటికే అక్కడ ఉన్నారు. గ్లోరీని చూసి సింధూజ బెంచీలోంచి లేచి ఎదురొచ్చి ఏదో చేతిలో పెట్టింది. మొన్న గ్లోరీ నాలుగు కనెక్టర్లతో పాటు బల్ల మీద మరిచిపోయిన కేబులు ముక్క. కొసన కనెక్టరు ఉంది.

"గుంజుండ్రి మేడమ్."

గ్లోరీ గుంజింది. రాలేదు. ఇంకొంచెం బలంగా గుంజింది, అయినా రాలేదు. టూలు గ్లోరీ సంచీలో ఉంది. హాస్టల్లో అలాంటిది లేదు. కనెక్టరు మీద ఎనిమిది చోట్ల గీతలు పడి ఉన్నాయి.

"దేంతోని నొక్కినవు?"

"కుట్టుమిషను స్క్రూడ్రైవర్ తోని. వార్డెనమ్మ కాడ తెచ్చిన. ఒక్కొక్క పిన్ను నొక్కుకుంట పోయిన. మూడు ఊడినయి, గిది నిలిచింది."

గ్లోరీ ఆ కేబులును చుట్టి తన సంచీలో వేసుకుంది.

ఐలేశం తాళంచెవుల గుత్తితో వచ్చాడు. ఒకటి పెట్టి తిప్పాడు, తిరగలేదు. ఇంకొకటి, మరొకటి. గుత్తి అంతా అయిపోయింది. అతను తల గోక్కుంటూ, "సార్, దీని చెవి నా కాడికి రానే లేదు. సామాను దించిన దినం పెద్ద క్లర్కు తాళమేసిండు. ఆయన బదిలీ మీద పోయి రెండేండ్లాయె" అన్నాడు.

"మరి ఇన్ని రోజులు ఎట్ల తీసిండ్రు?"

"తియ్యలే సార్. మీరు తియ్యమనలే. దసరకు అద్దం మీదనే బొట్టు పెట్టినం."

దశరథ్ సార్ అద్దం మీది బొట్ల వైపు చూసి, పిల్లల వైపు చూసి, చివరికి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పిల్లలు నవ్వును పెదవుల దగ్గర ఆపుకున్నారు.

గ్లోరీ అల్మారా పక్కకు వంగింది. తాళం ఒకవైపు ఉంటే మడతబందులు రెండోవైపు బయటే ఉన్నాయి. సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసి సింధూజ చేతిలో పెట్టింది.

"తాళాన్ని ఇడిసిపెట్టు. కిందికెళ్లి మొదలువెట్టు. తలుపు బరువు మీద పడకుంట ఇద్దరు పట్టుకోండ్రి."

సింధూజ మోకాళ్ల మీద కూర్చుంది. తుప్పు పట్టిన మొదటి స్క్రూ మొరాయించి మొరాయించి తిరిగింది. దశరథ్ సార్ ఏదో అనబోయి, ముందుకు వచ్చి, తలుపు పైకొస తనే పట్టుకున్నాడు. ఆఖరి స్క్రూ ఊడగానే అద్దం తలుపు బొట్లతో సహా చేతుల్లోకి వచ్చింది. దాన్ని జాగ్రత్తగా గోడకు ఆనించారు.

పిల్లలంతా మూగి లోపలికి చూశారు. గ్లోరీ పై అరలోని స్విచ్చిని తీసి బల్ల మీద పెట్టింది. దానికింకా దుకాణం వాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు.